గవాచుల లెక్క

ఆ ఎండాకాలం మా గల్లీలో ఇండ్లను నేను తలుపుల దగ్గర నిలబడి లెక్కపెట్టలేదు. మిద్దెల మీద నుంచి లెక్కపెట్టాను. ఆ తర్వాత జరిగినదంతా ఆ ఒక్క పనిలో నుంచే వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అది 1981. ఆదోనిలో ఎన్నికలు వస్తున్నాయని వార్డులు కొత్తగా విడదీస్తున్నారు. ఇంటింటికీ నంబరు వేసి, ఓటున్నవాళ్ళ పేర్లు రాసే పని బడిపంతుళ్ళ మీద పడింది. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని, పైగా నేను ఉండేది అక్కడేనని, నాకు పరుపుల గల్లీ అప్పగించారు.

మావాళ్ళంతా దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. మగవాళ్ళు తెల్లవారగానే దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊర్ల మీద పోతారు. ఆడవాళ్ళు కొందరు మిల్లులో పత్తి ఏరడానికి పోతారు, మిగిలినవాళ్ళు ఇంట్లో ఉంటారు. మగదిక్కు లేని వేళ తలుపు తడితే తీయరు. ఎంత సారైనా, కాగితాలు పట్టుకుని వచ్చిన మగవాడు మగవాడే. మూడు రోజులు తిరిగి పదకొండు ఇండ్లు రాయగలిగాను.

"ఇదో సారూ," అంది నా భార్య నసీబ్‌బీ. ఇంట్లో కూడా నన్ను సారూ అనేది, ఎగతాళికి. "నువ్వు ఇట్ల వాకిండ్లు తడుతూ పోతే రంజానొచ్చినా ముగిసేటట్టు లేదు. మిద్దెక్కు."

మావి మట్టి మిద్దెలు. రెండు వరుసల ఇండ్లు వీపులు ఆనించుకుని ఉండేవి. ఒక వరుస వాకిళ్ళు గల్లీలోకి, రెండో వరుస వాకిళ్ళు వెనక సందులోకి. గోడలు ఉమ్మడి. ఈ కొనన మిద్దె ఎక్కితే నేల మీద కాలు పెట్టకుండా ఆ కొన దాకా పోవచ్చు. ప్రతి వంటింటి పైనా పొగ పోయేందుకు ఒక కంత. దాన్ని గవాచి అంటాం. ఆడవాళ్ళకు తలుపు కంటే అదే దగ్గర. చింతపండు అడగాలన్నా, కోడలి మీద చాడీ చెప్పాలన్నా గవాచి దగ్గర కూర్చుని లోపలికి పిలిచేవాళ్ళు.

నసీబ్‌బీ ముందు నడిచింది. నేను రిజిస్టరు పట్టుకుని వెనక నడిచాను.

"ఖాజాబీ అత్తా! మీ ఇంట్లో ఓటుండేవాళ్ళు ఎంతమంది? మా సారు రాసుకుంటాండాడు."

కింద నుంచి పొగతో పాటు మాట వచ్చింది. "ముగ్గురమే తల్లీ."

"నీ వయసెంత?"

"నీ పెండ్లికి పరుపు కుట్టినప్పుడు నాకు సూదిలో దారం ఎక్కేది. ఇప్పుడు ఎక్కదు. లెక్కేసుకోమను మీ సారును."

అరవై అని రాశాను. తర్వాతి గవాచి లాలాబీది. పిలవకముందే ఆమె కింద నుంచి అడిగింది. "మొగుడున్నట్టు రాయాల్నా, లేనట్టు రాయాల్నా? బొంబాయికి పోయి నాలుగేండ్లాయ."

"ఉత్తరం వస్తాందా?"

"పోయిన బక్రీదుకొచ్చింది."

"అయితే ఉన్నట్టే రాయి సారూ," అంది నసీబ్‌బీ. మిద్దెల కింద నాలుగైదు వంటిండ్లలో ఆడవాళ్ళు నవ్వడం వినిపించింది.

రెండు పొద్దుల్లో ముగిసింది. ఎనభై ఆరు పొయ్యిలు. మిద్దె మీద నడిచిన వరుసలోనే నంబర్లు వేశాను. ముందు వరుసలో ఒక గవాచి, వెనక వరుసలో ఒకటి, మళ్ళీ ముందు వరుసలో ఒకటి. తర్వాత అవే నంబర్లు కింద తలుపుల మీద ఎర్రరంగుతో వేశాను. గల్లీలో నడిచేవాడికి అవి పిచ్చివాడి లెక్కలా ఉండేవి. ఏడు పక్కన తొమ్మిది, తొమ్మిది పక్కన పదకొండు. ఎనిమిది, పది వెనక సందులో ఉండేవి. ఏ ఇల్లూ తప్పిపోలేదు కదా అనుకున్నాను. వీధి పేరు రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టాను.

ఆ ఎన్నికలు మాకెందుకు అంత ముఖ్యమో చెప్పాలి. మా గల్లీ చివర బసన్న గోడౌన్లు ఉండేవి. బసన్న పత్తి కమీషన్ వ్యాపారి, అంతకు ముందు కౌన్సిలరుగా చేసినవాడు. మార్కెట్ యార్డు నుంచి తన గోడౌన్లకు లారీలు తిన్నగా రావడానికి మా గల్లీని వెడల్పు చేయాలని అతని పట్టు. వెడల్పంటే ముందు వరుస పడగొట్టడమే. ఉమ్మడి గోడల ఇండ్లలో ఒక వరుస తీస్తే రెండోది నిలబడదు. కౌన్సిల్లో మా తరఫున అడ్డుపడే మనిషి ఒకరుంటే ఆ రోడ్డు ఆగుతుంది. లేకపోతే ఎనభై ఆరు పొయ్యిలూ ఆరిపోతాయి.

పేర్లు రాయడం ముగిసిన వారానికి నసీబ్‌బీ అన్న కరీం సాబ్ మా ఇంటికి వచ్చాడు. గోడకు అటువైపే అతని ఇల్లు.

"జిలానీ, గల్లీలో ఓట్లు మూడొందల పైన ఉండాయంట కదా. అన్నీ ఒక్కపక్క పడితే బసన్న తాత దిగొచ్చినా గెలవలేడు. మనిషిని చూసినాం."

"ఎవరు బావా?"

అతను చెల్లెలి వైపు చూశాడు. ఆమె పిండి కలుపుతూ తల ఎత్తలేదు.

"ఆడోళ్ళంతా ఈమె పేరే సెప్తాండారప్పా. ఎవురింట్లో ఎవురుండారో ఈమెకు తెలిసినంత మనకు తెల్దు అంటాండారు."

"నా ఉద్యోగం..." అన్నాను.

"నిలబడేది నేను," అంది నసీబ్‌బీ. "నువ్వు పాఠాలు సెప్పుకో."

నేను ఒప్పుకున్నాను. సంతోషంగా ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి బడిలో ఎవరు నన్ను పిలిచినా ఉద్యోగం సంగతేమో అనుకునేవాణ్ణి.

రంజాన్ నెల మొదలైన వారానికి వార్డుల జాబితా ఆఫీసు గోడకు అంటించారు. వార్డుల పని కోసం ఒక పాత గోడౌన్ పైగదిని అద్దెకు తీసుకున్నారు. బడి వదిలాక పోయి చూశాను. మొదట నాకు అర్థం కాలేదు. ఒకటి నుంచి ఇరవై తొమ్మిది దాకా ఒక వార్డులో ఉన్నాయి, ఎదురుగా 'పరుపుల గల్లీ, ఉత్తరం వైపు' అని ఉంది. ముప్పై నుంచి యాభై ఎనిమిది దాకా బసన్న నిలబడే వార్డులో, 'దక్షిణం వైపు'. మిగిలినవి ఇంకో వార్డులో, 'వెనక సందు'. నేను ఖాళీగా వదిలిన గడి నింపి ఉంది.

కాగితం మీద అది చక్కగానే ఉంది. వీధి ఆ వైపు, ఈ వైపు, వెనక వైపు. వార్డు హద్దు వీధి వెంబడి పోవాలన్నది నియమం, పోయినట్టే ఉంది. కానీ నా నంబర్లు వీధి వెంబడి వేసినవి కావు. ఆ గీతలు మా మిద్దెలను అడ్డంగా, రొట్టె తుంచినట్టు మూడు ముక్కలు చేశాయి. మాది యాభై ఎనిమిది. గోడకు అటువైపున్న కరీం సాబ్‌ది యాభై తొమ్మిది. అతను తన చెల్లెలికి ఓటు వేయలేడు. ఖాజాబీ వేయలేదు. లాలాబీ వేయలేదు. బసన్న వార్డులో మా ముక్క, దాని చుట్టూ అతని హమాలీలు, గుమస్తాలు ఉండే నాలుగు వీధులు.

ఆ ఆఫీసు గుమస్తా గోవిందన్న నన్ను లోపలికి పిలిచి మెల్లగా తలుపు దగ్గరేశాడు. మంచివాడే. అతని కొడుకు నా దగ్గర చదివాడు.

"ఏం సారూ, చూసినావా?"

"ఈ గీత ఎవరు గీసినారు?"

"మేం గీయలేదు సారూ. నీ నంబర్లే గీసినాయి. బసన్న మనిషొకడు నీ రిజిస్టరు మూడు దినాలు ముందరేసుకుని కూసున్నాడు. వరుస సూసి నవ్వినాడు."

"ఇప్పుడేం చేయాలి?"

"ఏడు దినాల గడువుండాది. ఎవురు రాసిచ్చినా సెల్లదు. రాసినోడే రాసియ్యాల. ఈ నంబర్లు వీధి వరుసలో వేసినవి కావు, మళ్ళా వేయాల అని నువ్వొక్క ముక్క రాసిస్తే చెరిపి మళ్ళా గీయాల్సిందే."

"అయితే రాస్తాను."

గోవిందన్న నా ముఖంలోకి చూడకుండా అన్నాడు. "రాయి సారూ. రాస్తే లెక్క తప్పు రాసినోడివి నువ్వే అయితావు కదా. కింద సంతకం నీదే. భార్యను నిలబెట్టుకోను తప్పు నంబర్లేసినాడు అంటారు. ఉద్యోగం మ్యాటరు. యోచన సేసుకో."

ఇంటికి వచ్చి నసీబ్‌బీకి గీత సంగతి, గడువు సంగతి చెప్పాను. ఉద్యోగం సంగతి చెప్పలేదు. ఆమె వాకిలి దాకా పోయి తలుపు మీది ఎర్ర నంబరు చూసి వచ్చింది. తర్వాత, "నాదే గదా మిద్దెక్కమన్న పాపం," అంది. "రాసియ్యి సారూ. నీ అక్షరం సూస్తే ఎవురైనా నమ్ముతారు."

ఆ రోజే రాశాను. పదకొండు పంక్తులు. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మూడో రోజు బసన్న బడికి వచ్చాడు. జీపు గేటు బయటే ఆపి, చెప్పులు చేతిలో పట్టుకున్నంత వినయంగా లోపలికి వచ్చాడు. పిల్లలు లేచి నిలబడ్డారు.

"కూసోండప్పా, కూసోండి. సారుతో ఒక్క మాట." నన్ను వరండాలోకి పిలిచాడు. "సారూ, నీ లెక్క శానా బాగుండాది. ఒక్క ఇల్లూ పోలేదు. ఇంత పనిమంతుణ్ణి ఈ ఊరు సరిగ్గా వాడుకోలేదు."

"మీ అభిమానం."

"దేవనకొండ తట్టు ఒక బడిలో రెండేండ్లుగా సార్లు లేరంట. నీళ్ళు లేవు, బస్సు లేదు, ఎవురూ పోరు. నిన్న ఆఫీసర్ల మాటల్లో నీ పేరొచ్చింది. నేనే అడ్డుపడినా. పెండ్లాం బిడ్డలుండే మనిషప్పా, ఆయన ఏం తప్పు సేసినాడని అన్నా." భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు సేసేదాకా తప్పు సేసినట్టు కాదు గదా సారూ."

అతను పోయాక పాఠం ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని ఉన్నాను. నసీబ్‌బీ సాయంత్రానికి బియ్యం ఏరుతోంది. గవాచిలో నుంచి ఎండ చాట మీద గుండ్రంగా పడుతోంది. ఉన్నట్టుండి ఆ వెలుతురు పోయింది. మబ్బు అనుకున్నాను. పైకి చూస్తే గవాచి నిండా ఒక తల. ముఖం కనిపించలేదు.

"ఎవురు?" అంది నసీబ్‌బీ.

మాట లేదు. మా గల్లీలో గవాచి దగ్గరికి వచ్చి మాట్లాడని మనిషి అంతవరకు లేడు.

"ఎవురంటే పలకవా?"

కొంచెం మట్టి రాలి బియ్యంలో పడింది. తల తప్పుకుంది. వెలుతురు మళ్ళీ వచ్చింది. అడుగులు మెల్లగా కదిలి కరీం సాబ్ వంటింటి మీద ఆగాయి. అక్కడా ఎవరో ఎవరు అని అడగడం వినిపించింది. అక్కడ కూడా జవాబు లేదు. అడుగులు మళ్ళీ కదిలాయి, మళ్ళీ ఆగాయి. అట్లా ఒక్కొక్క పొయ్యి మీదా ఆగుతూ గల్లీ చివర దాకా పోయాయి. నేను లేచి మిద్దె ఎక్కగలిగేవాణ్ణే. ఎక్కలేదు. చాట నా ముందుకు లాక్కున్నాను. బియ్యంలో పడిన మట్టి ఏరుతూ కూర్చున్నాను.

మరుసటి రోజు నుంచి ఆడవాళ్ళు గవాచుల మీద బండలు మూశారు. గల్లీ అంతా పొగ నిండింది. పసిపిల్లలు దగ్గుతూనే ఉండేవాళ్ళు. ఎవరూ పై నుంచి ఎవరినీ పిలవలేదు.

గడువుకు చివరి రోజు నసీబ్‌బీ నా చొక్కా తీసి ఇచ్చింది. "మతి పెట్టుకోని పో. అయిదు గంటలకు మూసేస్తారంట."

పోయాను. ఆఫీసు మెట్లు పన్నెండు. ఏడు ఎక్కాను. పైన ఎవరో గట్టిగా నవ్వారు. బసన్న కాకపోవచ్చు. ఎవరైనా కావచ్చు. మనుషులు నవ్వుతారు. నేను తిరిగి దిగాను. స్టేషన్‌కు నడిచి ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాను. పత్తి బేళ్ళతో ఒక గూడ్సు బండి వచ్చి ఆగి, చాలాసేపు ఉండి, పోయింది. గడియారం అయిదు దాటింది. ఇంకో గంట పైనే కూర్చున్నాను, ఎందుకో తెలియదు.

ఇంటికి పోయేసరికి ఉపవాసం విడిచే వేళ అయింది. నసీబ్‌బీ ఖర్జూరం, నీళ్ళు నా ముందు పెట్టింది.

"ఇచ్చినావా?"

"ఇచ్చినా."

"ఏమన్నారు?"

"చూస్తామన్నారు."

మసీదు నుంచి నమాజుకు పిలిచే బాంగు వినిపించింది. నోట్లో ఎంగిలి పడకముందే, రోజా ఉపవాసంలో ఉండగానే ఆ మాట అన్నాను. ఆమె నన్ను చూసి, "ముఖమంతా దుమ్ము, కడుక్కో," అంది.

గీత మారలేదు. నసీబ్‌బీ వెనక్కి తగ్గలేదు. పండుగ అయ్యాక నామినేషన్ వేసింది. నిచ్చెన గుర్తు వచ్చింది. బసన్న వార్డులోని నాలుగు వీధుల్లో తలుపు తలుపుకీ తిరిగింది. కొందరు మర్యాదగా నీళ్ళిచ్చారు, కొందరు తలుపు వేసుకున్నారు. రాత్రి అన్నం తిన్నాక నేను, "ఎట్లా ఉంది?" అని అడిగేవాణ్ణి. "ఉండాది," అనేది.

పోలింగ్‌కు నాకు ఎమ్మిగనూరులో డ్యూటీ వేశారు. నా ఓటు నేను వేయలేదు. రోజంతా నేతగాళ్ళ వేళ్ళకు సిరా పూస్తూ కూర్చున్నాను. చాలామంది వేళ్ళకు అప్పటికే అద్దకం రంగు ఉండేది. మధ్యాహ్నం ఉచ్చీరమ్మ అనే ముసలామె వచ్చింది. జాబితాలో ఆమె పేరు లేదు.

"మా కోడలి పేరుండాది కదప్పా? ఒగే పొయ్యి మీద తింటాం."

"నీ ఓటు అవతలి బడిలో ఉంది అవ్వా. వార్డు మారింది."

"ఇల్లు ఆడనే ఉండాదే? వార్డెట్ల మారె?" నా వైపు నవ్వుతూ చూసింది. "ఆడిదాంక నడిసేదానికి నాకు కాళ్ళు లేవు. నా బదులు నువ్వే గుద్దుకో సారూ, ఇంత దూరమొచ్చినావు."

క్యూలో అందరూ నవ్వారు. ఆమె పోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళ ముఖాల్లోకి నేను చూడలేదు, వేళ్ళు మాత్రం చూశాను.

పెట్టెలు అప్పజెప్పి మరుసటి పొద్దున బస్సు దిగి గల్లీలోకి వస్తే, ఖాజాబీ వాకిట్లో కూర్చుని ఉంది.

"సారూ, నువ్వే సెప్పు. కాయితమంతా ఎదికినా. నిచ్చెన యాడా లేదు. ఆడుండే అయ్యను అడిగినా, నీ వార్డులో ఆ గుర్తు లేదవ్వా అన్నాడు. లేనిదాని మీద యాడ గుద్దేది? తెల్ల కాయితం మడిసి పెట్టెలో యేసొచ్చినా. నసీబుకు సెప్పొద్దు, బాధపడ్తాది."

అట్లా ఎంతమంది మడిచి వేశారో నాకు తెలియదు. ఎంత చెప్పినా సగం మంది ముసలివాళ్ళకు, ఒకే మిద్దె కింద ఉండి ఒకరి ఓటు ఒకరికి ఎందుకు చెల్లదో అర్థం కాలేదు. అర్థం చేసుకోదగిన సంగతి కూడా కాదు.

నసీబ్‌బీ చిత్తుగా ఓడిపోయింది. లెక్కింపు రోజు సాయంత్రం కరీం సాబ్, నేను మిద్దె మీద కూర్చున్నాం.

"ఆ కాయితం నువ్విచ్చింటే గల్లీ నిలబడేదేమో జిలానీ," అన్నాడు.

నేను అతని వైపు తిరిగాను.

"నీకు తెల్దా? గడువైన మరుదినమే మా చెల్లెలు ఆఫీసుకు పోయింది. మా సారు కాయితం ఏమైందని అడిగింది. ఏ కాయితమమ్మా అన్నాడంట గోవిందన్న." అతను బీడీ ఆర్పాడు. "నాకు నిన్ననే సెప్పింది. నీతో అనొద్దనింది. నేను నోరాపుకోలేక అన్నా."

కింద ఆమె రొట్టె కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అంటే ఆ నామినేషన్, ఆ తిరుగుడు, రాత్రుళ్ళు నా ప్రశ్నకు "ఉండాది" అన్న జవాబు, అన్నీ తెలిసి చేసినవే. నేను కిందికి దిగి ఆమె పక్కన కూర్చున్నాను. ఏదో అనాలని నోరు తెరిచాను. "తిను, సల్లారిపోతాది," అంది.

ఆ చలికాలం రోడ్డు కొలిచే టేపులు వచ్చాయి. ముందు వరుస పన్నెండు రోజుల్లో పోయింది, వెనక వరుస వానలకు తనంతట తానే కూలింది. మేము స్టేషన్ అవతల అద్దెకు పోయాం. కరీం సాబ్ గుంతకల్లు పోయాడు. నన్ను దేవనకొండకు మార్చలేదు. ఎవరూ ఏమీ చేయలేదు. నేను భయపడినవాటిలో ఒక్కటీ నాకు జరగలేదు.

నసీబ్‌బీ నాతో మామూలుగానే ఉంది. వండిపెట్టింది, నవ్వింది, సారూ అని పిలిచింది. ఒక్కటి మాత్రం మానేసింది. అన్నకు ఉత్తరం రాయాల్సి వస్తే పోస్టాఫీసు వరండాలో కూర్చునే ముసలాయనకు అర్ధ రూపాయి ఇచ్చి రాయించుకునేది. రేషన్ కార్డు మార్చుకునేటప్పుడు పక్కింటి పిల్లవాణ్ణి పిలిచింది. నేను అక్కడే, ఆ గదిలోనే ఉన్నాను. పిల్లవాడు నా వైపు చూశాడు. "నువ్వు రాయి నాయనా, సారుకు పనుంటాది," అంది.

అట్లా ఆరేళ్ళు గడిచాయి. పోయిన మాఘంలో ఆమెను కర్నూలు ఆసుపత్రిలో చేర్చాను. ఆపరేషన్‌కు ముందు నర్సు ఒక ఫారం ఇచ్చి పోయింది. నేను జేబులో నుంచి పెన్ను తీశాను. నసీబ్‌బీ ఆ కాగితాన్ని పక్క మంచం దగ్గర కూర్చున్న కాలేజీ పిల్లకు అందించింది.

"అమ్మా, ఇది కొంచెం రాసిపెడ్తావా?"

ఆ పిల్ల నా పెన్నే అడిగి తీసుకుంది. పేరు, ఊరు, భర్త పేరు రాసింది. వయసు దగ్గర నసీబ్‌బీ చెప్పింది ఆమెకు సరిగా వినిపించలేదు, రెండేళ్ళు తక్కువ వేసింది.

నేను చూశాను. దిద్దలేదు.